కూర్చుని వండే గట్టు

ఆ శనివారం పొద్దున మా వంటగదిలో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మేస్త్రి, గుమ్మంలో వాకర్ పట్టుకుని అమ్మ. ఉన్న వస్తువులు: నీళ్లు పీల్చి ఉబ్బిన చెక్క అలమరాలు, ఎంత బిగించినా కారే కుళాయి, దాని కింద స్టీలు గిన్నె, రెండు చింతపండు డబ్బాలు, రెండు కారం డబ్బాలు, నా చేతిలో టేపు, మేస్త్రి చెవి మీద పెన్సిల్.

మేస్త్రి ఒక అలమర తలుపు లాగాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది.

"సార్, గిది ఇగ రిపేరు కాదు. మొత్తం తీసుడే," అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. ఏడాది కిందటి అమ్మ అయితే ఈపాటికి అందర్నీ తలా ఒక మాట అనేది. తలుపు అలా పీకితే ఊడక ఏం చేస్తుందని మేస్త్రిని, కుళాయి బాగుచేయించడానికి ఇన్నాళ్లా అని నన్ను, గిన్నె నిండి పొర్లబోతుంటే కబుర్లేమిటని నా భార్యని. ఇప్పుడు మాత్రం, "మీకెలా బాగుంటే అలా కానివ్వండి," అని మెల్లగా వెనక్కి తిరిగింది. వాకర్ కాళ్ల రబ్బరు చప్పుడు హాల్లోకి వెళ్లిపోయింది.

ఆ వంటగది మార్చాలని నేను పట్టుబట్టింది ఉబ్బిన చెక్క వల్ల కాదు. ఆ మాట వల్ల.

అమ్మది తణుకు. ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరైంది. ఇతరులు రాసిన డ్రాఫ్టుల్లో తప్పులు పట్టడం అక్కడ ఆమె పని. నాన్న పోయాక పుప్పాలగూడలో మా ఫ్లాటుకు వచ్చేసింది. వచ్చిన రోజే వంటగదిలోకి వెళ్లి, పోపుల డబ్బా పొయ్యికి ఎడమ పక్కన ఎవరు పెట్టారని అడిగింది.

నా భార్యది శంకర్‌పల్లి వైపు ఊరు. "నేనే అత్తమ్మా. మా ఇంట్ల గట్లనే పెడ్తరు," అంది.

"మీ ఇంట్లో అందరూ ఎడమ చేతివాటమా?"

"కాదు, మాకు రెండు చేతులూ పనిజేస్తయ్."

నేను భయపడ్డాను. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత వంటగదిలో చింతపండు డబ్బాలు రెండయ్యాయి: అమ్మ పులుసుకి నల్లబడిన పాతది, నా భార్య పచ్చిపులుసుకి కొత్తది. కారాలు కూడా రెండయ్యాయి. పోపుల డబ్బా పొద్దున కుడి పక్కన, సాయంత్రం ఎడమ పక్కన ఉండేది. ఎవరు చివరిసారి వండారో దాన్ని చూసి చెప్పొచ్చు.

నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరో కట్టినదాన్ని జనం వాడకముందే అందులో తప్పులు వెతకాలి. ఆ గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకెప్పుడూ అనుమానం లేదు.

కిందటి వానాకాలం అమ్మ మా అపార్ట్‌మెంట్ నడకదారిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కృత్రిమ కీలు పెట్టారు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు నా ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కువసేపు నిలబడకూడదు. ముందుకు వంగకూడదు. కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కంటే పైకి రాకూడదు, అంటే కుర్చీ ఎత్తు పద్దెనిమిది అంగుళాలకు తగ్గకూడదు. పాదాలు మాత్రం నేలకు పూర్తిగా ఆనాలి.

కీలు బాగానే అతుక్కుంది. దవాఖాన నుంచి వచ్చిన మనిషే మారిపోయింది. మంచినీళ్లు కావాలంటే "ఏమీ అనుకోకపోతే" అని మొదలుపెట్టేది. మేం పెట్టుకున్న వంటమనిషి ఒకరోజు బీరకాయ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. నా భార్య ఒక ముద్ద తిని పళ్లెం పక్కకు జరిపింది. అమ్మ మొత్తం తినేసింది.

"అత్తమ్మా, అదెట్ల తిన్నరు?"

"బాగానే ఉంది."

ఆ రాత్రి మజ్జిగన్నం తింటూ నా భార్య నాతో అంది. "ఆమె మనింటికి చుట్టపుచూపుగ వచ్చినట్టున్నది. నాకేం నచ్చుతలేదు. నన్ను తిట్టి ఎన్ని రోజులైందో ఎరుకేనా?"

నాకు ఎరుకే. అమ్మ మళ్లీ తనంతట తాను వండుకోవాలి, మళ్లీ మాకు వంకలు పెట్టాలి. మేం కోరుకున్నది అంతే. అది జరగకపోతే, నొప్పి తగ్గినా సరే, ఆమె ఆ మూల కుర్చీలో "బాగుంది" అంటూనే ముసలిదైపోతుంది.

నిలబడలేని మనిషి కూర్చుని వండాలి. కిందికి వంగాల్సి వచ్చే పీట పనికిరాదు. కాబట్టి కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు లోపలికి పోయేలా, కింద అలమరా ఏదీ లేకుండా, ఒక పొట్టి గట్టు కావాలి. దాని మీద ఒంటి బర్నర్ పొయ్యి. ఇంతవరకు నాకు స్పష్టంగా ఉంది. స్థలం దగ్గరే చిక్కొచ్చింది. అలాంటి గట్టుకు వీలున్న చోటు కిటికీ కింద ఒక్కటే. నా భార్య పెళ్లయినప్పటి నుంచి గిన్నెలు కడిగే మిషను కోసం అనుకున్న చోటు కూడా అదే. ఆమె ఆ మిషను బొమ్మని ఫోన్లో దాచుకుని, గిన్నెలు కడిగినప్పుడల్లా దానికి చూపించేది. "చూస్కో, నువ్వు చేయాల్సిన పని నేను చేస్తున్న," అని.

నేను గీసిన నక్షాల్లో మిషను ఉన్నది ఒకటి, పొట్టి గట్టు ఉన్నది ఒకటి. రెండూ బల్ల మీద పరిచాను. రెండింటి లాభనష్టాలు చెప్పబోతుంటే ఆమె మిషను ఉన్న కాగితం మడిచి, వాటర్ క్యాన్ కింద ఎగుడుదిగుడుగా ఉన్న స్టూలు కాలికి పెట్టింది.

"ఇగ చెప్పు," అంది.

అసలు సమస్య అమ్మ. తన కోసమని తెలిస్తే ఒప్పుకోదు. ఆపరేషన్ ఖర్చే ఆమెకు గొంతులో ముల్లులా ఉంది. అందుకని ఆ పొట్టి గట్టు నా భార్య కోసమని చెప్పాం. ఆఫీసులో రోజంతా కూర్చుని నడుం నొప్పి వస్తోందని, నిలబడి వండలేకపోతోందని. నమ్మకం కుదరడానికి నేనొక నడుం బెల్టు కూడా కొన్నాను. ఇంట్లో ఉన్నంతసేపు పెట్టుకొమ్మన్నాను.

"కూర్చుని దోసెలు పోస్తావా? మహారాణీ!" అంది అమ్మ. చాలా రోజులకు వచ్చిన వెటకారం. నేను, నా భార్య ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ ఆనందం ఎక్కువసేపు లేదు. ఆ సాయంత్రమే అమ్మ తన వేణ్ణీళ్ల బ్యాగు తెచ్చి కోడలి నడుం వెనక పెట్టింది. వాకర్‌కి వేలాడదీసుకుని, హాలు దాటి తెచ్చింది. "నాకు తగ్గిందిలే. నువ్వు పెట్టుకో," అంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"నాకు పాపం తగుల్తది," అంది నా భార్య గదిలోకి వచ్చి. "నొప్పి లేని నడుముకు కాపడం పెట్టించుకుంటున్న."

"గట్టు కట్టేదాకా ఓర్చుకో."

"ఎండాకాలం. బెల్టు కింద చెమట. పైన వేణ్ణీళ్లు. నీకేం, టేపు పట్టుకుని తిరుగుతవ్."

పగలగొట్టడం మొదలైంది. సొసైటీ నియమం ప్రకారం చప్పుడు చేసే పనులు పది నుంచి అయిదు దాకానే చేయాలి. మేమిద్దరం ఇంటి నుంచి చేసే ఆఫీసు మీటింగులూ సరిగ్గా అప్పుడే. మా మీటింగుల్లో వాళ్లకు మా ఇల్లు కూలిపోతున్న చప్పుడు వినిపించేది. వంట హాల్లోకి మారింది: భోజనాల బల్ల మీద కరెంటు పొయ్యి, సోఫా పక్కన బియ్యం డ్రమ్ము, టీవీ కింద పప్పుల డబ్బాలు. వంటమనిషి ఆ దుమ్ము చూసి, పని అయ్యాక కబురు పెట్టమని చెప్పి వెళ్లింది. అమ్మ బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్లు ఒలిచేది. అడిగితేనే. తనంతట తాను ముట్టుకునేది కాదు.

సింకు వెనక గోడ కొడుతుండగా డ్రిల్లు పైపులోకి దిగింది. బిల్డరిచ్చిన ప్లానులో పైపు అక్కడ లేదు. నేను ఆ ప్లాను చూసే గుర్తులు పెట్టాను. నీళ్లు ధారగా మేస్త్రి మొహానికి కొట్టి, నేల మీదుగా హాల్లోకి పారాయి. నేను మెయిన్ వాల్వు కోసం బాల్కనీలోకి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి అమ్మ సోఫాలో రెండు కాళ్లూ పైకి బారజాపుకుని, బియ్యం డ్రమ్ము మీద చెయ్యి వేసి, పడవలో ఉన్నట్టు కూర్చుంది.

"ఫికర్ చేయకుండ్రి పెద్దమ్మా, బందైంది," అన్నాడు మేస్త్రి, మీసాల నుంచి నీళ్లు పిండుకుంటూ.

"నాకేం ఫికరు లేదు నాయనా. నీకు తువ్వాలు కావాలా?" అంది అమ్మ.

కింది ఫ్లాటు వాళ్ల పైకప్పుకు చెమ్మ దిగింది. వాళ్లకు రంగు వేయించి ఇచ్చేదాకా మా పని ఆగింది. ఆ ఖాళీలో నేను గట్టు ఎత్తు తేల్చే పరీక్ష పెట్టుకున్నాను.

మా ఇస్త్రీ బల్ల ఎత్తు మార్చుకోవచ్చు. దాన్ని మూడు ఎత్తుల్లో నిలబెట్టి కొలిచాను: ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్పై అంగుళాలు. పైన ఒక చెక్క, చెక్క మీద గిన్నె. అమ్మ కుర్చీని ముందు వేశాను. ఆ రోజు నా భార్య ఆఫీసుకు వెళ్లాల్సిన రోజు, ఇంట్లో లేదు. అది మంచిదే అనుకున్నాను, ఎందుకంటే అమ్మని కూర్చోబెట్టడానికి నాకొక సాకు దొరికింది.

"అమ్మా, తను లేదు కదా. కాస్త నువ్వు కూర్చుని చెప్పు, ఏది బాగుంటుందో."

అమ్మ కూర్చుంది. ఇరవై ఆరు దగ్గర గరిటె తిప్పింది. మోచెయ్యి సుఖంగా కదిలినట్టే కనిపించింది. "ఇది తక్కువవుతుంది రా," అంది. ఇరవై ఎనిమిది పెట్టాను. ఆలోచించి తల అడ్డంగా ఊపింది. ముప్పై దగ్గర, "ఆఁ. ఇది సరిపోతుంది," అంది.

"ఖాయమా? ఎత్తుగా అనిపించట్లేదా?"

"నన్ను అడిగావు, చెప్పాను."

వాడే మనిషే చెప్పిన తర్వాత టెస్టరు వాదించకూడదు. నేను ముప్పై అని గోడ మీద గీత గీసి ఫొటో తీసుకున్నాను. సాయంత్రం నా భార్య ఆ గీత చూసి, "గింతెత్తా?" అంది. అమ్మే చెప్పిందన్నాను. "అత్తమ్మ చెప్పిందంటే ఇగ అంతే," అని ఊరుకుంది.

ఆ గీత ప్రకారం కిటికీ కింద రెండు పక్కలా చిన్న ఇటుక గోడలు లేచాయి. వాటి మీద గ్రానైట్ పలక పడింది. పలక పైఅంచు నుంచి గోడకు తెల్ల టైల్స్ అతికారు. గ్యాసు పైపు వచ్చింది, ఒంటి బర్నర్ పొయ్యి వచ్చింది. మిగతా గట్టు మామూలు ఎత్తులో, పెద్ద పొయ్యితో, సింకుతో తయారైంది. అలమరాలు ఈసారి నీళ్లకు ఉబ్బని రకం. కుళాయి కారడం లేదు. నా జాబితాలో ప్రతి అంశం పక్కన టిక్కు పడింది.

కొత్త పొయ్యి మీద మొదట పాలు పొంగించాలి. అది అమ్మ చేతి మీదుగా జరగాలని నా భార్య ముందే అనుకుంది. పొయ్యికి పసుపు, కుంకుమ పెట్టి, చిన్న ఇత్తడి గిన్నెలో పాలు పోసి, పెద్ద పొయ్యి వదిలేసి కిటికీ కింద దాని మీద పెట్టింది. కుర్చీ వేసింది.

"అత్తమ్మా, మీరు కూర్చుని పొంగియ్యాలె."

"నీ గట్టు కదా, నువ్వు పొంగించు."

"పెద్దోళ్లు మీరు. నాకు నడుం కూడా బాలేదు," అంది నా భార్య, నా వైపు చూడకుండా.

అమ్మ కూర్చుంది. మోకాళ్లు గట్టు కిందికి చక్కగా వెళ్లాయి. నేను ఫోన్ తీసి ఫొటోకి సిద్ధంగా నిలబడ్డాను. ఫోన్ తెరలో చూస్తుంటే కనిపించింది. అమ్మ భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. గరిటె పట్టుకున్న మోచెయ్యి పక్షి రెక్కలా బయటికి వచ్చింది. గిన్నె అంచు ఆమె గడ్డం దగ్గర ఉంది.

"అత్తమ్మా," అంది నా భార్య, "పాలు కనపడ్తున్నయా?"

"కనపడకపోతే ఏం? పొంగితే వినపడుతుందిగా."

అని, చూడాలనిపించిందేమో, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయింది. వాకర్ దూరంగా ఉంది. ఆమె ముందుకు వంగింది. డాక్టరు వద్దన్న వంగడం అదే, ఎదురుగా మంట. నేను ఒక పక్క నుంచి, నా భార్య ఒక పక్క నుంచి పట్టుకున్నాం. సరిగ్గా అప్పుడే పాలు బుస్సుమని పొంగి కొత్త గ్రానైట్ మీదుగా కారాయి. ఎవరం దండం పెట్టుకోలేదు.

పొయ్యి కట్టేశాను. అమ్మ కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ, "బాగుంది. చాలా బాగా వచ్చింది," అంది.

నా భార్య ఆ మాటకు కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. నడుం బెల్టు ఊడదీసింది. చర్రుమని చప్పుడైంది.

"ఏం బాగుంది అత్తమ్మా? మీకు గిన్నె కనపడ్తలేదు. చెయ్యి లేస్తలేదు. నాకు నడుం నొప్పి లేదు, ఎప్పుడూ లేదు. ఈ బెల్టు మీ కొడుకు కట్టిండు. ఈ గట్టు మీ కోసం."

అమ్మ ఆమెను చూసింది, బెల్టును చూసింది, నన్ను చూసింది.

"లేదా? మరి రోజూ కాపడం పెట్టించుకున్నావ్?"

"చచ్చిపోయిన ఉక్కతోటి."

"మరి నువ్వెందుకమ్మా ముప్పై అన్నావు?" అన్నాను. నాకు అదొక్కటే అర్థం కాలేదు. "కూర్చుని చూసింది నువ్వే. ఇరవై ఆరు దగ్గర నీకు సరిపోయింది కదా."

"నాకు సరిపోతే ఏం లాభం రా?" అంది అమ్మ. "వండేది అమ్మాయి. నాకంటే జానెడు పొడుగు. నాకు బాగుందని పొట్టిగా కట్టిస్తే అది వంగి వంగి ఇంకా నడుం పాడుచేసుకోదూ? అసలే మిషను వదులుకుంది దీని కోసం. అందుకని దాని లెక్కన చెప్పాను."

పాలు గట్టు అంచు నుంచి ఒక్కొక్క చుక్క కారి నా భార్య జుట్టు మీద పడుతున్నాయి. ఆమె జరగలేదు. తల వంచి అమ్మ ఒడిలో పెట్టింది. అమ్మ ఆ జుట్టు మీది పాలు తుడుస్తూ, ముందు నెమ్మదిగా, తర్వాత అంత నెమ్మదిగా కాకుండా, నా మీద మొదలుపెట్టింది.

"నా కోసం కట్టేటప్పుడు నన్ను అడగాలని తెలీదూ? ముప్పై ఏళ్లొచ్చాయి. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పట్టే ఉద్యోగం. ఇంట్లో ఎవరికి ఏం కావాలో అడగడానికి బెల్టులు, నాటకాలు! దాని నడుము నిజంగా పాడైతే?"

నేను తల ఊపుతూ నిలబడ్డాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నా భార్య ఒడిలోంచే, "ఇంకా అనండి అత్తమ్మా," అంది.

తర్వాత ఏం చేయాలనేది మిగిలింది. గట్టు అలాగే ఉంచి కుర్చీ ఎత్తు పెంచితే పాదాలు నేలకు ఆనవు. పాదాల కింద పీట వేస్తే లేచేటప్పుడు కాలికి అడ్డం తగులుతుంది. గట్టు దించాలంటే పలక తీయాలి, ఇటుకలు కొట్టాలి, గోడ మీద నాలుగంగుళాల టైల్స్ తక్కువ పడతాయి. అవే టైల్స్ దుకాణంలో అయిపోయాయి.

"అలా వాడుకుంటాలే. అలవాటైపోతుంది," అంది అమ్మ, మళ్లీ పాత దారిలోకి జారబోతూ.

"లేదు అత్తమ్మా. దించుడే," అంది నా భార్య.

మేస్త్రికి ఫోన్ చేశాను. వచ్చి, పలక చుట్టూ తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"సార్, నిన్న గాక మొన్న అతికిచ్చిన. మళ్ల పలగ్గొట్టుమంటరా?"

"తప్పు నాది. కొలత తప్పు."

"కొలత పెద్దమ్మ చెప్పిందంటిరి కద?"

"నేను అబద్ధం చెప్పానయ్యా," అంది అమ్మ హాల్లోంచి.

మేస్త్రి నవ్వాడు. "గట్లయితే ఈసారి ఒట్టేసి చెప్పుండ్రి పెద్దమ్మా. ఇంకోపారి పలగ్గొడ్తే కింద ఫ్లాటాయన నన్ను కొడ్తడు."

పలక తీసేటప్పుడు నేను ఆ గదిలో ఉండలేకపోయాను. మేస్త్రి, ఇద్దరు కూలీలు కలిసి దాన్ని లేపారు. ఒక మూల చిన్న పెచ్చు ఊడింది కానీ పలక నిలిచింది. ఇటుకలు కొట్టాక అమ్మ వచ్చి ఖాళీ జాగా ముందు కుర్చీలో కూర్చుంది. మేస్త్రి రెండు చేతులతో ఒక చెక్క పట్టుకుని ఆమె ముందు నిలబెట్టాడు. నేను టేపు పట్టుకున్నాను. నా భార్య చెక్క మీద గిన్నె పెట్టి పట్టుకుంది.

"దించు," అంది అమ్మ. "ఇంకా. కాస్త. ఒకవైపు ఒరిగిందయ్యా, సరిగ్గా పట్టుకో. ఆఁ, ఆగు. ఇదీ."

టేపులో ఇరవై ఆరు.

టైల్స్ తక్కువపడ్డ నాలుగంగుళాల పట్టీకి ఏం వేయాలా అని నేను నాలుగు దుకాణాలు తిరిగాను. తెలుపులో ఎన్ని రకాల తెలుపు ఉంటుందో అప్పుడే తెలిసింది. ఏదీ కలవలేదు. చివరికి నా భార్య, ఎలాగూ కలవనప్పుడు కలవనట్టే ఉండాలని, పసుపు రంగువి ఎంచింది. ఇప్పుడు మా కిటికీ కింద తెల్ల గోడకు అడుగున ఒక పసుపు పట్టీ ఉంది. గట్టు మొదట ఎంతెత్తున ఉండేదో అది చూస్తే తెలుస్తుంది.

పలక కింద సిమెంటు ఆరాక ఒక ఆదివారం పొద్దున, మేం చెప్పకుండానే, అమ్మ వాకర్‌తో వంటగదిలోకి వెళ్లింది. నేను హాల్లో పేపరు పట్టుకుని ఉన్నాను. నా భార్య లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. పొయ్యి అంటుకుంది. దోసకాయ ముక్కలు కత్తి కింద తెగుతున్న చప్పుడు. పోపు చిటపటలాడింది. ఇంగువ వాసన హాల్లోకి వచ్చింది. అది అమ్మ వాసన. ఆ నెలల్లో మా ఇంట్లో ఎవరూ ఇంగువ వేయలేదని అప్పుడు గమనించాను.

తర్వాత కేక వచ్చింది.

"అమ్మాయ్! పోపుల డబ్బా మళ్లీ ఎడమ పక్క పెట్టావా?"

"ఆఁ అత్తమ్మా!"

"ఇంగువలోకి తడి చెంచా పెట్టిందెవరు? రాయిలా గడ్డకట్టింది."

"మీ కొడుకు!"

నేను ఇంగువ డబ్బా ఎప్పుడూ ముట్టుకోలేదు. కాదనలేదు.

"ఈ మూల పెచ్చు గరుకుగా ఉంది. చీర పట్టుకుంటోంది. ఆ మేస్త్రిని పిలిచి అరగదీయించు. ఈ పసుపు పట్టీ ఎవరి ఆలోచనో గానీ, కళ్లు పోతున్నాయి."

నా భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్లు తుడుచుకుంటోంది కూడా. ఇద్దరం గుమ్మం దగ్గరికి వెళ్లాం. అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. రెండు పాదాలూ నేలకు ఆని ఉన్నాయి. భుజాలు కిందికి దిగి ఉన్నాయి. తల కాస్త వంచి గిన్నెలోకి చూస్తూ పప్పు కలుపుతోంది. గరిటెతో కొంచెం తీసి అరచేతిలో వేసుకుని రుచి చూసింది. తలెత్తి నన్ను చూసింది.

"ఒరేయ్. ఇది నేను చెప్పినట్టు లేదు."

"ఏది?"

"ఈ గట్టు. నేను చెప్పినదానికంటే ఎక్కువుంది. అర అంగుళం ఉంటుంది."

"అమ్మా, ఇరవై ఆరే. నేనే గీత గీశాను."

"నువ్వు గీసిన గీతలు చూశాంలే. కొలువు."

పలక కింద సిమెంటు మందం ఉంటుందని నాకు తట్టనే లేదు. టేపు తెచ్చి, ఆమె పాదాల పక్కన నేల మీద మోకాళ్లు ఆన్చి, కింద నుంచి పలక పైఅంచు దాకా లాగాను. నా భార్య నా భుజం మీదుగా వంగి అంకె చూసింది. అమ్మ గరిటె ఆపి, చెప్పమన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

ఇరవై ఆరున్నర.